గ్యాసా, కిరసనాయిలా, పెట్రోలా? కొండమీది వంటకు ఏ ఇంధనం

ప్రశ్న: మేము విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్న నలుగురు మిత్రులం. చలికాలంలో శని, ఆదివారాలు కలిసివస్తే కారులో లంబసింగి, వంజంగి వైపు వెళ్లి గుడారాలు వేసుకుంటాము. వచ్చే సెప్టెంబరులో లద్దాఖ్‌లోని మర్ఖా లోయలో ఆరు రోజులు నడవాలని అనుకుంటున్నాము. వంట మేమే చేసుకుంటాము. అన్నం, పప్పు లేనిదే మాకు గడవదు. ఇద్దరు విమానంలో వెళతారు, మిగతా ఇద్దరు సామాను తీసుకుని రైల్లో ఢిల్లీ చేరి అక్కడి నుంచి మనాలి మీదుగా లేహ్‌కు వస్తారు. గ్యాస్ స్టవ్వు చలిలో వెలగదని ఒకరు, పెట్రోలుతోనూ కిరసనాయిలుతోనూ మండే మల్టీఫ్యూయల్ స్టవ్వు కొనమని మరొకరు చెబుతున్నారు. పోయిన చలికాలంలో లంబసింగిలో తెల్లవారుజామున మా టేబుల్ స్టవ్వు డబ్బాలో గ్యాస్ సగం ఉండగానే మంట సన్నబడిపోయింది. మా ఇంటి అటక మీద నాన్నగారి కాలంనాటి ఇత్తడి పంపు స్టవ్వు కూడా ఉంది. రెండు చోట్లకూ సరిపోయే ఒకే స్టవ్వు, ఒకే ఇంధనం ఉంటే చెప్పగలరా?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: రెండు చోట్లకూ సరిపోయేది ఒకటే కొనాలని పట్టుబడితే ఏదో ఒక చోట ఇబ్బంది పడతారు. లంబసింగి, వంజంగిలకు మీ దగ్గర ఉన్న టేబుల్ స్టవ్వే చాలు. దాన్ని వాడే పద్ధతి కొంచెం మార్చుకోవాలి, అంతే. లద్దాఖ్‌కు మాత్రం ప్రొపేన్, ఐసోబ్యూటేన్ అనే వాయువులు కలిపిన, మూతికి మర ఉండే డబ్బాలతో పనిచేసే, గొట్టం ఉన్న గ్యాస్ స్టవ్వు కొనుక్కోండి. స్టవ్వును ఇక్కడి నుంచి తీసుకువెళ్లి, డబ్బాలను లేహ్‌లో కొనండి. మల్టీఫ్యూయల్ స్టవ్వు మంచి వస్తువే కానీ మీరు చెప్పిన ప్రయాణానికి దాని అవసరం లేదు. ఇంధనం ఎంచుకునేటప్పుడు ముందుగా అడగవలసినవి రెండే ప్రశ్నలు: రోడ్డు ఆగిపోయే చివరి ఊరిలో ఏ ఇంధనం నమ్మకంగా దొరుకుతుంది, మీరు టీ పెట్టుకునే వేళకు అక్కడ చలి ఎంత ఉంటుంది. ఈ రెండింటికీ జవాబు తెలిశాక స్టవ్వు ఎంపిక చాలా సులభం. చాలామంది ముందు స్టవ్వు కొని, తరువాత దానికి ఇంధనం వెతుక్కుంటారు.

మొదట లంబసింగి సంగతి చూద్దాం, ఎందుకంటే లద్దాఖ్‌లో రాబోయే సమస్య కూడా అదే. టేబుల్ స్టవ్వులో అడ్డంగా పెట్టే పొడవాటి డబ్బాలో సాధారణంగా ఉండేది బ్యూటేన్. అది ఒత్తిడి వల్ల డబ్బాలో ద్రవంగా ఉంటుంది. ఆవిరైతేనే బర్నర్‌కు అందుతుంది. మైదానంలో ఉండే గాలి పీడనం వద్ద బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలకు పడిపోయినప్పుడు డబ్బాలోని ఒత్తిడి బయటి గాలి కంటే ఏ కొంచెమో ఎక్కువగా ఉంటుంది. మొదట మంట బాగానే వస్తుంది. అయితే ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని తన నుంచే తీసుకుంటుంది కాబట్టి, స్టవ్వు మండుతున్నకొద్దీ డబ్బా బయటి గాలి కంటే కూడా చల్లబడుతుంది. పైన చెమ్మ పట్టి, ఒక్కోసారి తెల్లటి మంచు పొర కూడా కడుతుంది. లోపలి ద్రవం సున్నా దగ్గరికి చేరేసరికి సగం గ్యాస్ మిగిలి ఉన్నా అది బయటికి రాదు. మీ డబ్బాలో లోపమేమీ లేదు. దాన్ని ఎండలో పెట్టి మళ్లీ వెలిగిస్తే మామూలుగానే మండి ఉండేది.

దీనికి ఖర్చు లేని ఉపాయం ఉంది. రెండు డబ్బాలను రాత్రి పడుకునే సంచిలో మీతోపాటు పెట్టుకుని, పొద్దున ఒకదానితో వంట మొదలుపెట్టండి. మంట తగ్గగానే స్టవ్వు ఆర్పి, రెండోదాన్ని కోటు లోపలి నుంచి తీసి అమర్చి, చల్లబడినదాన్ని మళ్లీ కోటులో పెట్టుకోండి. ఈ స్టవ్వు మీద మాత్రం డబ్బా ఉండే అర మీదికి వచ్చేంత వెడల్పు గిన్నె గానీ, పెద్ద పెనం గానీ ఎన్నడూ పెట్టకండి. గిన్నె అడుగు నుంచి కిందికి కొట్టే వేడి డబ్బాను కాల్చి పేల్చగలదు. డబ్బాల మీద యాభై డిగ్రీలు దాటనివ్వవద్దని రాసి ఉండేది అందుకే. ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి రావడానికి ఎంతో సేపు పట్టదు కాబట్టి, ఎండకాలంలో మిగిలిన డబ్బాలను కారు వెనుక మరిచిపోకండి.

ఇక లద్దాఖ్. మర్ఖా లోయ నడకలో చివరి పెద్ద విడిది నిమాలింగ్ సుమారు 4,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మరునాడు దాటవలసిన కొంగ్మారు లా అనే కనుమ సుమారు 5,200 మీటర్లు. సెప్టెంబరులో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు కిందికి పోతుంది, పొద్దున టీ పెట్టుకునే వేళకు ఇంకా పైకి రాదు. మీ టేబుల్ స్టవ్వు డబ్బాలు అక్కడ నమ్మదగినవి కావు. నడకదారుల కోసం తయారయ్యే పొట్టి, గుండ్రటి డబ్బాలు వేరే రకం. వీటి మూతికి మర ఉంటుంది, బర్నర్‌ను దానిమీద తిప్పి బిగిస్తారు. ఈఎన్ 417 అనే ఐరోపా ప్రమాణాన్ని అనుసరించినవైతే ఏ కంపెనీ బర్నర్ అయినా ఏ కంపెనీ మర డబ్బాకైనా అమరుతుంది. సుమారు 100, 230, 450 గ్రాముల పరిమాణాల్లో దొరుకుతాయి. అయితే డబ్బా ఆకారం చూసి లోపల ఏముందో చెప్పలేము. మైనస్ 42 డిగ్రీల దగ్గర మరిగే ప్రొపేన్, మైనస్ 12 దగ్గర మరిగే ఐసోబ్యూటేన్ కలిపినది మీకు కావాలి. మర డబ్బాలో వట్టి బ్యూటేన్ నింపి అమ్మేవాళ్లూ ఉంటారు కాబట్టి, లేహ్‌లో కొనేటప్పుడు డబ్బా మీది అక్షరాలు ఓపికగా చదివి, ప్రొపేన్ అన్న మాట కనబడితేనే డబ్బు ఇవ్వండి.

అన్నీ ప్రొపేన్‌తోనే నింపవచ్చు కదా అనిపిస్తుంది. ప్రొపేన్ ఒత్తిడి చాలా ఎక్కువ, దాన్ని మోయడానికి మందపాటి ఉక్కు సిలిండర్ కావాలి. వీపున మోసే పలుచని డబ్బా దానికి ఆగదు. అందువల్లే కంపెనీలు ప్రొపేన్‌ను కొంత మేరకే కలుపుతాయి. ఈ మిశ్రమానికి ఒక బలహీనత ఉంది. త్వరగా ఆవిరయ్యే ప్రొపేన్ ముందుగా ఎక్కువ పాళ్లలో ఖర్చయిపోయి, చివరికి డబ్బా అడుగున బరువైన భాగం మిగులుతుంది. కొత్త డబ్బా చలిలో చక్కగా పనిచేసి, పావు వంతు మిగిలినప్పుడు మొరాయించడానికి కారణం అదే. కాబట్టి కింది లోయలో ఉన్న రోజుల్లో, అంటే కాస్త వెచ్చగా ఉండే మర్ఖా, హంకర్ ఊళ్ల దగ్గర, సగం వాడిన డబ్బాలను ఖాళీ చేసి, ముట్టని కొత్త డబ్బాను నిమాలింగ్ కోసం దాచుకోండి.

ఎత్తుకు పోతే గ్యాస్ పనిచేయదని కొందరు అంటారు. గ్యాస్‌ను ఆపేది చలి, ఎత్తు కాదు. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గి, నీరు తక్కువ వేడికే మరిగినట్లు, బ్యూటేన్ కూడా తక్కువ ఉష్ణోగ్రత వద్దనే మరుగుతుంది. లేహ్ ఎత్తున, అంటే సుమారు 3,500 మీటర్ల వద్ద, దాని మరిగే స్థానం మైదానంలో కంటే పదకొండు డిగ్రీల దాకా కిందికి దిగుతుంది. గ్యాస్ స్టవ్వుకు ఎత్తు కొంత మేలే చేస్తుందన్నమాట. ఆ మేలు మిమ్మల్ని మైనస్ పదిహేను డిగ్రీల నుంచి కాపాడదు గానీ, సెప్టెంబరు నాటి మైనస్ అయిదు దగ్గర బాగా ఆదుకుంటుంది.

గొట్టం ఉన్న స్టవ్వు కొనమని ఎందుకు చెప్పానంటే, నలుగురికి అన్నం, పప్పు వండాలంటే కుక్కర్ పెట్టాలి. డబ్బా నెత్తిన బిగించే చిన్న బర్నర్ మీద మూడు లీటర్ల కుక్కర్ నిలిపితే మొత్తం ఎత్తుగా, ఊగిసలాడుతూ ఉంటుంది. రాళ్ల నేల మీద అది ఒరిగితే అన్నం పోవడమే కాక కాళ్లు కూడా కాలతాయి. గొట్టం ఉన్నదాంట్లో బర్నర్ నేలకు దగ్గరగా, వెడల్పు కాళ్ల మీద కూర్చుంటుంది, డబ్బా పక్కన ఉంటుంది. రెండో లాభం, గాలికి అడ్డుగా బర్నర్ చుట్టూ రేకు పెట్టుకోవచ్చు. డబ్బా మీదే బర్నర్ బిగించే రకానికి చుట్టూ రేకు మూసి పెడితే డబ్బా కాగిపోయే ప్రమాదం ఉంది, అది ఎప్పుడూ చేయరాదు. మూడో లాభమే అన్నిటికంటే ముఖ్యమైనది. కొన్ని గొట్టం స్టవ్వులలో గ్యాస్ బర్నర్‌కు చేరేముందు మంట పక్కగా సాగే సన్నని లోహపు గొట్టం ఉంటుంది. అది ఉన్న స్టవ్వుకు మాత్రమే, వెలిగించి అర నిమిషం వేడెక్కాక, డబ్బాను నెమ్మదిగా తలకిందులు చేయవచ్చు. అప్పుడు ఆవిరి బదులు ద్రవమే గొట్టంలోకి వచ్చి మంట వేడికి అక్కడ ఆవిరవుతుంది. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ రెండూ సమానంగా ఖర్చవుతాయి, మైనస్ పది డిగ్రీల చలిలోనూ చివరి గ్రాము దాకా మంట నిలుస్తుంది. ఆ గొట్టం లేని స్టవ్వుకు డబ్బా బోర్లిస్తే ద్రవం నేరుగా బర్నర్‌లోకి వచ్చి భగ్గుమంటుంది. కొనేటప్పుడు అంగట్లో ఈ ఒక్క విషయం చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ స్టవ్వు వద్దు. డబ్బా నిలువుగా ఉన్నప్పుడు మంట తగ్గితే, పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో డబ్బాను నిలపడం కూడా మంచి పద్ధతే. మరిగే నీళ్లు మాత్రం పోయకండి.

ఎంత గ్యాస్ తీసుకెళ్లాలో లెక్క వేసుకుందాం. లేహ్ ఎత్తున నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. పది డిగ్రీలున్న లీటరు నీటిని అక్కడికి తేవడానికి దాదాపు 330 కిలోజూళ్ల వేడి కావాలి. ఈ డబ్బాల్లోని గ్యాస్ ఒక గ్రాముకు సుమారు 46 కిలోజూళ్ల వేడిని ఇస్తుంది, అందులో సగం గిన్నెకు అందకుండా గాలిలో కలిసిపోతుందనుకోండి. అంటే లీటరుకు 14, 15 గ్రాముల గ్యాస్. నలుగురికి రెండు పూటల టీ, పొద్దున ఉప్మా, రాత్రి అన్నం, పప్పు అన్నీ కలిపి రోజుకు ఎనిమిది లీటర్లు మరిగించినంత పని ఉంటుందనుకుంటే 120 గ్రాములు, ఆరు రోజులకు 720. గాలి, చలి, ఒక రోజు ఆలస్యం కోసం పావు వంతు కలిపితే 900 గ్రాములు. ఇవి 450 గ్రాముల డబ్బాలు రెండు. నేనైతే 230 గ్రాములవి నాలుగు తీసుకుంటాను, ఒకటి కారినా మూడు మిగులుతాయి కాబట్టి. గాలికి అడ్డు లేకుండా వండితే ఈ లెక్క రెట్టింపైనా ఆశ్చర్యపోనక్కరలేదు. తాగే నీటిని కూడా మరిగించుకోవాలనుకుంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. దానికి ఫిల్టరు గానీ, క్లోరిన్ బిళ్లలు గానీ వాడుకోండి, ఇంధనంతో చేయవలసిన పని కాదది. మంచు కరిగించి నీళ్లు చేసుకునే చోట్లలో ఇంధనం దాదాపు రెట్టింపు కావాలి, కానీ సెప్టెంబరు మర్ఖాలో వాగులు పారుతూనే ఉంటాయి.

పప్పు సంగతి ఇక్కడే చెప్పాలి. నిమాలింగ్ ఎత్తున నీరు సుమారు 84 డిగ్రీలకే మరుగుతుంది. ఆ వేడికి మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు గంటల తరబడి ఉడికినా మెత్తబడదు, మీ గ్యాస్ మాత్రం అయిపోతుంది. చిన్న అల్యూమినియం కుక్కర్ బరువనిపించినా ఆ బరువు కంటే ఎక్కువ గ్యాస్ మిగులుస్తుంది. కందిపప్పు బదులు పెసరపప్పు తీసుకుని, నడక మధ్యలోనే ఒక సీసాలో నానబెట్టుకుంటే ఇంకా మంచిది. ఇంధనం ఎంపికకు వంటల జాబితాతో ఎంత సంబంధం ఉందో కొండమీద మొదటి రాత్రే తెలిసిపోతుంది.

ఇప్పుడు రవాణా. మీ ప్రణాళికలో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించినది ఇదే. గ్యాస్ డబ్బాను విమానంలో చేతి సంచిలోనూ, కింద వేసే సామానులోనూ తీసుకువెళ్లనివ్వరు, అది నిండుదైనా సగం వాడినదైనా. అలాగని సామాను రైల్లో పంపుతున్నామన్న ధైర్యంతో డబ్బాలను అందులో పెడదామన్న ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. రైల్లో గ్యాస్, పెట్రోలు, కిరసనాయిలు వంటివి తీసుకువెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం; మూడేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జరిమానా చిన్నదే అనిపిస్తుంది. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్ దగ్గర నిలిపి ఉంచిన యాత్రికుల పెట్టెలో రహస్యంగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్‌తో టీ కాచుకోబోతే మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. బోగీలో గ్యాస్ ఎందుకు వద్దంటారో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు. బర్నర్, గొట్టం, గాలి అడ్డు, కుక్కర్ ఇవన్నీ ఏ ఇంధనమూ తగలనివి కాబట్టి వాటితో ఇబ్బంది ఉండదు. అయినా విమాన సంస్థను ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. లైటరు, అగ్గిపెట్టె కూడా లేహ్‌లోనే కొనుక్కోండి. నడకదారి సామాను అమ్మే, అద్దెకిచ్చే దుకాణాలు లేహ్ బజారులో ఉన్నాయి. ఆ ఎత్తుకు శరీరం అలవాటు పడడానికి ఎలాగూ అక్కడ రెండు రోజులు ఆగాలి కాబట్టి, మొదటి రోజే డబ్బాలు కొని, బస దగ్గర ఆరుబయట ఒకసారి వెలిగించి చూసుకోండి. రైలు మిత్రులు మనాలిలో కొని తెద్దామనుకోవచ్చు గానీ, బస్సు ప్రయాణంలో మళ్లీ అదే ప్రమాదం. లేహ్‌లో దొరికే వస్తువు కోసం ఆ దారి పట్టనవసరం లేదు.

ఈ రవాణా కోణం నుంచి చూస్తే మల్టీఫ్యూయల్ స్టవ్వు మీకు మరింత చిక్కు తెస్తుంది. దాని ఇంధనపు సీసాలో ఒకసారి పెట్రోలు పోశాక, తిరుగు ప్రయాణంలో దాన్ని విమానం ఎక్కించడం సులభం కాదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సీసాను పూర్తిగా వంచి కనీసం గంటసేపు కారనిచ్చి, మూత తీసి కనీసం ఆరు గంటలు ఆరబెట్టాలి, లేదా వంటనూనె పోసి కడిగి వంచాలి. ఆ తరువాత కూడా విమాన సంస్థ అనుమతిస్తేనే వెళుతుంది. వాసన వస్తే పక్కన పెట్టేస్తారు.

అయినా కిరసనాయిలును తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. మీ ఇంటి అటక మీద ఉన్న ఇత్తడి పంపు స్టవ్వుకు మూలపురుషుడు స్వీడన్‌కు చెందిన లిండ్‌క్విస్ట్ 1892లో తయారు చేసిన ప్రైమస్. నార్వే అన్వేషకుడు అముండ్సెన్ బృందం 1911లో దక్షిణ ధ్రువానికి తీసుకువెళ్లినవి ప్రైమస్‌లే, 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందం నీళ్లు కాచుకున్నదీ వాటి మీదనే. కిరసనాయిలు గ్రాముకు సుమారు 43 కిలోజూళ్ల వేడిని ఇస్తుంది, గ్యాస్‌కు దాదాపు సమానం. చలి దాన్ని ఆపదు, ఎందుకంటే ఒత్తిడిని పంపుతో మనమే పుట్టిస్తాము. గది వేడికి ఆవిరై మంటందుకునే గుణం పెట్రోలులో లాగా లేదు కాబట్టి ఒలికితే భయం తక్కువ. దీని ఇబ్బందులన్నీ మన ఇళ్లలో పంపు స్టవ్వు చూసిన పెద్దలకు తెలిసినవే: చుట్టూ ఉన్న గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించి బర్నర్‌ను ముందుగా కాచాలి, తొందరపడి పంపు కొడితే పసుపుపచ్చటి మంట నిలువున లేస్తుంది, మసి పడుతుంది, నాజిల్ మూసుకుంటే పిన్నుతో పొడవాలి, చేతులకు ఆ వాసన రెండు రోజులు వదలదు. ఇంతా చేసి మన ఊళ్లలో ఇప్పుడు మంచి కిరసనాయిలు దొరకడమే కష్టం. రేషన్ దుకాణంలో నీలం రంగుది కొలిచి పోసే కాలం దాదాపు పోయింది. ద్రవ ఇంధనం నిలవ చేసేటప్పుడు మూత కింది వాషరే అన్నిటికంటే బలహీనమైన చోటు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తున్న బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందానికి దారిలో దాచిన నూనె డబ్బాల్లో నూనె తక్కువగా కనిపించిందనీ, తోలు వాషర్లు పట్టు వదలడమే కారణమనీ చెబుతారు. మీ నాన్నగారి స్టవ్వును మరమ్మతు చేయించి, కొత్త వాషర్లు వేయించి పెరట్లో వెలిగించి చూసుకోండి, కారులో వెళ్లే అరకు ప్రయాణానికి బాగానే ఉంటుంది. లద్దాఖ్‌కు దాన్ని వీపున మోయకండి.

పెట్రోలు విషయంలో నా అభిప్రాయం స్పష్టం: వద్దు. అన్ని చోట్లా దొరుకుతుందన్న ఒక్క సుగుణం తప్ప వంటకు పెట్రోలులో మంచి లేదు. మైనస్ నలభై డిగ్రీల చలిలో కూడా మంటందుకునేంత ఆవిరి దాని నుంచి వస్తూ ఉంటుంది, అందువల్ల పంపు వాషర్ దగ్గర చిన్న కారుడు కూడా పెద్ద మంట అవుతుంది. వాహనాల కోసం కలిపే రసాయనాలు నాజిల్‌ను త్వరగా పూడ్చేస్తాయి. పైగా ఇప్పుడు మన బంకుల్లో అమ్మేది 20 శాతం ఇథనాల్ కలిపినది; అది రబ్బరు వాషర్లకు మంచిది కాదు, గాలిలోని చెమ్మను కూడా పీల్చుకుంటుంది. మల్టీఫ్యూయల్ స్టవ్వులకు మొదటి ఎంపికగా కంపెనీలు చెప్పేది వైట్ గ్యాస్ అనే శుద్ధి చేసిన పెట్రోలియం ద్రవం. అమెరికాలో ఉన్న మన పాఠకులకు అది ప్రతి పెద్ద దుకాణంలోనూ డబ్బాలలో దొరుకుతుంది కాబట్టి, వాళ్లు చలికాలంలో మంచు మీద విడిది చేయాలంటే ఆ స్టవ్వు సబబే. మన దగ్గర అది మామూలు అంగట్లో దొరికే వస్తువు కాదు. లద్దాఖ్‌లో గడ్డకట్టిన జంస్కార్ నది మీద జనవరిలో నడవబోతున్నామని మీరు రాసి ఉంటే నా సమాధానం మారి, కిరసనాయిలుతో మండే స్టవ్వు కొనమనేవాడిని.

మిగతావాటిని త్వరగా ముగిస్తాను. స్పిరిట్ స్టవ్వు తేలిక, చప్పుడు లేదు, చెడిపోవడానికి అందులో భాగాలేమీ లేవు. కానీ స్పిరిట్‌లోని ఇథనాల్ గ్రాముకు సుమారు 27 కిలోజూళ్లే ఇస్తుంది, నలుగురి అన్నానికి ఆకలి చచ్చేదాకా ఎదురుచూడాలి. పట్టపగలు దాని మంట కంటికి కనబడదు, ఆరిందనుకుని మళ్లీ స్పిరిట్ పోయబోయి కాల్చుకున్నవాళ్లున్నారు. ఒక్కరే వెళ్లి ఒక కప్పు టీ కాచుకునేవారికి అది సరిపోతుంది. హెక్సమిన్ అనే ఘన ఇంధనపు బిళ్లలు అత్యవసరానికి సంచి మూలన నాలుగు పడేసుకోవడానికి బాగుంటాయి, గిన్నె అడుగున జిగురు మసి పడుతుంది. కట్టెల మాటకొస్తే, మర్ఖా లోయ ఉన్నది హెమిస్ జాతీయ పార్కులో. ఆ చలి ఎడారిలో ఉన్న కొద్దిపాటి పొదలు, ఎండిన పేడ అక్కడి ఊళ్లవారి చలికాలపు ఇంధనం. వాటిని మనం ముట్టుకోవడం న్యాయం కాదు. మన్యంలోనూ రక్షిత అడవిలో నిప్పు రాజేయడం చట్టవిరుద్ధమే.

ఏ ఇంధనం ఎంచుకున్నా ఒక నియమంలో రాజీ లేదు. గుడారం లోపల స్టవ్వు వెలిగించకండి, చలికి దాన్ని హీటరులా వాడుకోకండి. మూసిన చోట ఏ మంటైనా కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవారికి మెలకువ కూడా రాదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో గ్యాస్ హీటరు పెట్టుకుని తలుపులు, కిటికీలు మూసి పడుకున్న కేరళ యాత్రికులు ఎనిమిది మంది, పిల్లలతో సహా, తెల్లవారేసరికి ప్రాణాలు కోల్పోయారు. ఎత్తు మీద తలనొప్పి వస్తే అది ఎత్తు వల్లనో, మంట వల్లనో పోల్చుకోవడం కూడా కష్టం. వాన పడుతుంటే గుడారం ముందు వసారా గుడ్డను రెండు వైపులా తెరిచి, అక్కడ వండుకోండి.

మరో మాట. ఇంటి సిలిండర్ నుంచి చిన్న డబ్బాలకు గ్యాస్ ఎక్కించి ఇచ్చేవారు, నెత్తిన బర్నర్ ఉన్న చిన్న సిలిండర్లను దొంగచాటుగా నింపి అమ్మేవారు మన పట్టణాల్లో ఉన్నారు. ఆ సిలిండర్ ఎంత పాతదో, వాల్వు ఎలా ఉందో చెప్పేవారు ఉండరు. కారులో వెళ్లేటప్పుడు పెద్ద వంటకు గ్యాస్ కావాలంటే ఆయిల్ కంపెనీలే అమ్మే అయిదు కిలోల సిలిండర్‌ను రసీదుతో కొనుక్కుని, కారులో నిలువుగా కట్టి, కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. గ్యాస్ గాలి కంటే బరువైనది, కారితే కింద పరుచుకుని నిలుస్తుంది.

మర్ఖా నుంచి తిరిగివచ్చేటప్పుడు ఖాళీ అయిన డబ్బాలను లోయలో ఎక్కడా వదలకుండా, పాతిపెట్టకుండా లేహ్ దాకా మోసుకురండి. మిగిలిన గ్యాస్‌ను చివరి టీకి పూర్తిగా కాల్చి, వెలిగించినా మంట రానప్పుడు మాత్రమే ఆరుబయట రేకుకు రంధ్రం చేసి పాత ఇనుము వారికి ఇవ్వండి. కొన్న దుకాణంలో అడిగితే వాళ్లే తీసుకోవచ్చు. సగం మిగిలిన డబ్బాను విమానాశ్రయానికి తేవద్దు. లేహ్‌లో మీ తరువాత నడకకు బయలుదేరే మరో బృందానికి ఇచ్చేయండి.